అమ్మకానికి కాని రికార్డు

అబద్ధం చెప్పదలచుకున్నవాడు టైములు గడగడా అప్పజెబుతాడు. ఫరూక్ తడుముకున్నాడు. మంగళవారం రేపల్లె ఎన్నింటికి చేరావని అడిగితే పదిన్నర అన్నాడు, కాదు పదకొండు అన్నాడు, ఆఖరికి బస్సు టికెట్టు ఉందేమోనని చొక్కా జేబులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. ఇరవై ఆరేళ్లపాటు ఇన్సూరెన్సు కంపెనీల తరఫున దొంగ క్లెయిములు పట్టుకుని, ఇప్పుడు తెనాలిలో సొంతంగా డిటెక్టివ్ పని చేసుకుంటున్న ఝాన్సీలక్ష్మికి అతని మీద మొదటి నమ్మకం అక్కడే కుదిరింది.

సోమవారం ఉదయం తొమ్మిదీ పది. ఫరూక్ రిపేరు షాపులో బల్ల నిండా విప్పదీసిన ఆంప్లిఫయర్లు ఉన్నాయి. అతని భార్య పర్వీన్ గుమ్మం పట్టుకుని నిలబడి మాటిమాటికీ రోడ్డు వైపు చూస్తోంది. ఆదివారం సాయంత్రం ఝాన్సీలక్ష్మి ఇంటికి వచ్చి కేసు అప్పగించింది ఆమే.

ఆమె చెప్పిన సంగతి చిన్నదే. రేపల్లెలో ఐస్ ఫ్యాక్టరీ ఉన్న బ్రహ్మానందం అనే ఆయన పాత ఇంగ్లీషు రికార్డులు సేకరిస్తాడు. వాటిలో అన్నిటికన్నా అరుదైనది మారిపోయిందని గురువారం కనిపెట్టాడు. అట్ట అదే ఉంది, లోపలి రికార్డు మాత్రం ఆయనది కాదు. మంగళవారం ఆ గదిలో పనిచేసిన బయటివాడు ఫరూక్ ఒక్కడే. శుక్రవారం విజయవాడ నుంచి ఒక డిటెక్టివ్ దిగాడు. శనివారం తెనాలి వచ్చి, అసలు రికార్డు తీసి నకిలీ పెట్టింది నేనేనని సోమవారం సాయంత్రం ఐదింటిలోగా రాసివ్వమన్నాడు. రాయకపోతే పోలీసు కేసే అన్నాడు.

ఆ డిటెక్టివ్ పేరు సామ్యేలు అని పర్వీన్ చెప్పినప్పుడు ఝాన్సీలక్ష్మి కలం ఒక్క క్షణం ఆగింది. ఆరేళ్లు తన దగ్గర పని నేర్చుకున్నవాడు. నాలుగేళ్ల కిందట చెప్పాపెట్టకుండా వెళ్లిపోయి, తనకి రావలసిన కేసులు సగం తన్నుకుపోయినవాడు. తెలివికేం తక్కువ లేదు. అలాంటివాడు ఒక పాత రికార్డు కోసం ఇంత దూరం ఎందుకొచ్చాడో ఆమెకి అంతుపట్టలేదు.

“ఆ రికార్డు సంగతి మొదట్నుంచి చెప్పు బాబూ. నాకు ఈ ఇంగ్లీషు పాటల్లో ఓనమాలు కూడా రావు,” అంది.

ఫరూక్ చెప్పాడు. అమెరికాలో సియాటిల్ వైపు సాల్ట్‌మిల్ అని ఒక బ్యాండు ఉండేది. ముప్ఫై ఏళ్ల కిందట కుర్రకారుని ఊపేసిన గ్రంజ్ సంగీతం వాళ్లది. గిటార్ల రొద, దాని మీద గొంతు చించుకునే పాట. ఆ బ్యాండు మూతపడి చాలా కాలమైనా వాళ్ల రికార్డులు పోగేసేవాళ్లు అన్ని దేశాల్లో ఉన్నారు. మామూలు రికార్డులకన్నా ప్రోమోలంటే పడిచస్తారు. ప్రోమో అంటే పాటలు బజారులోకి రాకముందు రేడియోవాళ్లకీ పత్రికలవాళ్లకీ కంపెనీ ఊరికే పంపే కాపీ. లేబుల్ మీద ‘అమ్మకానికి కాదు’ అని ముద్ర ఉంటుంది.

“అమ్మకూడదన్నదానికే గిరాకీ ఎక్కువండి,” అన్నాడు ఫరూక్. “మన దేశంలో వాళ్లవి ముప్ఫై ప్రోమోలు అచ్చేశారంట. తర్వాత కంపెనీవాళ్లు మనసు మార్చుకుని క్యాసెట్లే అమ్మారండి. ఆ ముప్ఫైలో ఇప్పుడు మిగిలినవి మూడో నాలుగో. అందులో ఒకటి మా సార్ దగ్గరుంది. ఉందనే అనుకున్నానండి.”

“అనుకున్నావా?”

ఫరూక్ భార్య వైపు చూశాడు. చెప్పేయమన్నట్టు ఆమె తలాడించింది.

మంగళవారం ప్లేయరుకి కొత్త ముల్లు బిగించాక, పాట సరిగ్గా వస్తోందో లేదో చూడమని బ్రహ్మానందం ఆ ప్రోమోనే అతని చేతికిచ్చాడు. గుడ్డతో దుమ్ము తుడుస్తుంటే ఫరూక్ గోరు లేబుల్ అంచుకి తగిలింది. అంచు కాస్త పైకి లేచింది. అసలైన రికార్డుకి అలా జరగదు. ప్లాస్టిక్ వేడి మీద అచ్చులో నొక్కుకునేటప్పుడే లేబుల్ కాగితం కూడా అందులో కలిసిపోతుంది. జిగురుతో అంటించిన లేబుల్ ఉందంటే, ఎవరో తర్వాత విడిగా తయారుచేయించిన కాపీ అన్నమాట.

“అంటే మంగళవారం నాటికే అది నకిలీ.”

“అవునండి. సార్‌తో చెప్పలేకపోయాను. ఆయన ఆ రికార్డుని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుంటారండి. నా నోటితో ఆ మాట ఎలా చెప్పను?”

“సామ్యేలుకి చెప్పావా?”

చెప్పానన్నాడు. సామ్యేలు అంతా విని, ఈ మాట ఇంకెక్కడైనా అన్నావంటే నకిలీ తయారుచేసిందీ నువ్వేనంటారు, నోరు మూసుకుని రాసివ్వడమే నీకు మంచిది అన్నాడట.

ఝాన్సీలక్ష్మి తన పుస్తకంలో రెండు గీతలు గీసి వాటి మధ్య ప్రశ్నార్థకం పెట్టింది. మంగళవారం ఉన్నది నకిలీ. గురువారం కనబడిందీ నకిలీయే అంటున్నారు. నకిలీ తీసి నకిలీ పెట్టే దొంగ ఎక్కడైనా ఉంటాడా? ఫరూక్ చెప్పేదాంట్లో అబద్ధం కనబడలేదు. పోనీ నిజమనుకుంటే అర్థం కనబడలేదు.

తను చెప్పేదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దని చెప్పి ఆమె లేచింది. మీరు చెప్పినట్టే చేస్తానండి అన్నాడు ఫరూక్.

పదకొండూ నలభైకి ఆమె రేపల్లెలో బ్రహ్మానందం ఇంటి మేడమీది గదిలో ఉంది. సామ్యేలు అప్పటికే అక్కడ కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని ఉన్నాడు. ఆమెని చూసి లేచి నిలబడ్డాడు. ఆ మర్యాద మాత్రం మరిచిపోలేదు.

“ఫరూక్ తరఫునా అక్కా? చిన్న చిన్న కేసులు కూడా పట్టుకుంటున్నారన్నమాట.”

“నువ్వూ అదే కేసుకి వచ్చావు కదా నాయనా,” అంది.

బ్రహ్మానందం వాళ్లిద్దరినీ మార్చి మార్చి చూశాడు. యాభై దాటిన మనిషి, నాలుగు రోజులుగా సరిగ్గా తిన్నట్టు లేడు. దొంగ తరఫు మనిషిని ఇంట్లోకి ఎందుకు రానిచ్చారని సామ్యేలు అడిగితే, నాకు దొంగతో పని లేదు, రికార్డు దొరికితే చాలు అన్నాడు.

అతను జరిగింది చెప్పాడు. గురువారం సాయంత్రం ఆరింటికి ప్రోమో రెండో వైపు పెట్టుకున్నాడు. మూడో పాటలో గాయకుడు ఊపిరి తీసుకునేచోట టక్కుమని చిన్న చప్పుడు రావాలి. రెండేళ్లుగా వింటున్న చప్పుడు. రాలేదు. మళ్లీ పెట్టాడు, మళ్లీ రాలేదు. రికార్డు మారిపోయిందని అప్పటికప్పుడే సేకర్తల వాట్సాప్ గ్రూపులో రాశాడు. శుక్రవారం ఉదయం పదింటికి సామ్యేలు తనే ఫోన్ చేశాడు. గ్రూపులో ఒకాయన చెప్పాడన్నాడు. ఫీజు తర్వాత చూసుకుందామన్నాడు.

ఫీజు మాట తర్వాత చూసుకునే సామ్యేలుని ఝాన్సీలక్ష్మి ఆరేళ్లలో ఒక్కసారీ చూడలేదు. ఆ మాట చుట్టూ పుస్తకంలో సున్నా చుట్టింది.

“ఏమనుకోకండి, అంత అరుపుల పాట మీకెలా పట్టుకుంది?” అని అడిగింది. అడగవలసిన ప్రశ్న కాదు, కానీ అర్థంకాక అడిగింది.

బ్రహ్మానందం ప్లేయరు వైపు చూశాడు. “మా నాన్నగారు పోయిన ఏడాది నేను కాలేజీ హాస్టల్లో ఉన్నానమ్మా. నాకు ఏడుపు రాలేదు. అందరూ రాయిలా ఉన్నాడన్నారు. అప్పుడు నా రూమ్మేటు ఈ బ్యాండు క్యాసెట్టు పెట్టాడు. ఆ గొంతు నా బదులు ఏడ్చినట్టనిపించింది. అంతే.”

ఆమె గది చూడడం మొదలుపెట్టింది.

కిటికీకి ఇనుప చువ్వలు. తలుపుకి ఒకటే తాళం, చెవి బ్రహ్మానందం దగ్గరే ఉంటుంది. తాళం మీద గీతలు లేవు. గోడ పొడుగునా కర్ర అరల్లో రికార్డులు నిలువుగా పేర్చి ఉన్నాయి. అన్నీ ఒకే బ్యాండువి, దేశానికో రకం. ప్రోమో ఒక్కటీ బల్ల మీద విడిగా ఉంది. దాన్ని ముట్టుకోకుండా, అరలోంచి వేరే రికార్డు ఏదైనా తీసి మళ్లీ లోపల పెట్టి చూపించమని ఆమె బ్రహ్మానందాన్ని అడిగింది.

అతను అలవాటైన చేతులతో తీశాడు. ముందు బయటి అట్ట. దాని లోపల పల్చటి కాగితపు సంచి. సంచిలో రికార్డు. తిరిగి పెట్టేటప్పుడు సంచి నోరు పైకి ఉండేలా తిప్పి అట్టలోకి జారవిడిచాడు.

“నోరు పైకెందుకు?”

“పక్కకి పెడితే రికార్డు జారి కిందపడుతుందమ్మా. ఈ పిచ్చి ఉన్నవాళ్లెవరైనా ఇలాగే పెడతారు. ఫరూక్‌కి కూడా నేనే నేర్పాను.”

ఆమె అరల్లోంచి పది అట్టలు తీసి చూసింది. అన్నిట్లోనూ సంచి నోరు పైకే ఉంది. అప్పుడు ప్రోమో తెమ్మంది. దాని సంచి నోరు పక్కకి ఉంది. గురువారం మీరే ఇలా పెట్టారా అని అడిగితే బ్రహ్మానందం బిత్తరపోయాడు. తను ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టేశాడట. గురువారం అట్ట వంచగానే రికార్డు జర్రున జారి చేతిలో పడిందనీ, ఆ కంగారులో దాని గురించి ఆలోచించలేదనీ చెప్పాడు.

“అయితే దీన్ని మార్చినవాళ్లకి రికార్డుల అలవాటు లేదు,” అంది ఝాన్సీలక్ష్మి. “ఫరూక్ అయితే నిద్రలో కూడా నోరు పైకే పెడతాడు.”

సామ్యేలు నవ్వాడు. “కంగారులో దొంగకి నోరెటుందో గుర్తుంటుందా అక్కా? కాగితం సంచి చూపించి కేసు కొట్టేయించుకుంటారా?”

ఆమె రికార్డుని అంచులు పట్టుకుని బయటికి తీసి, లేబుల్ అంచు మీద గోరు ఆనించి చుట్టూ తిప్పింది. గోరు ఎక్కడా తట్టుకోలేదు. కాగితం ఎక్కడ ఆగి ప్లాస్టిక్ ఎక్కడ మొదలైందో చేతికి తెలియలేదు. మళ్లీ తిప్పింది. రెండో వైపూ అంతే. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో వంచింది. పాటలు అయిపోయాక లేబుల్ చుట్టూ మిగిలే ఖాళీ పట్టీలో సూదితో గీకినట్టు సన్నటి అక్షరాలూ అంకెలూ కనిపించాయి.

“ఇవేంటండీ?”

అచ్చుపోసేటప్పుడు ఫ్యాక్టరీలో చేత్తో గీకే నంబరని బ్రహ్మానందం చెప్పాడు. చెబుతూనే దగ్గరికొచ్చి చూసి, మాట మధ్యలో ఆపేశాడు. తన రికార్డుకి ఆ నంబరు ఉన్నట్టు గుర్తులేదన్నాడు. మొదట్లో తనకీ అనుమానం వచ్చిందనీ, ఇండియా ప్రోమోలకి నంబరు వేయలేదేమోనని సర్దుకున్నాననీ నెమ్మదిగా ఒప్పుకున్నాడు.

పాత వీడియో ఏదైనా ఉందా అని ఆమె అడిగింది. ఉంది. ఆరు నెలల కిందట గ్రూపులో పెట్టడానికి తీశాడు. రికార్డు తిరగడం ఆగాక లేబుల్‌ని దగ్గరగా చూపించిన ముక్క ఒకటి దొరికింది. ముగ్గురూ ఫోన్ మీదికి వంగారు. ఖాళీ పట్టీ అద్దంలా నున్నగా ఉంది. ఒక్క గీత లేదు.

బ్రహ్మానందం కుర్చీలో కూలబడ్డాడు. “అంటే ఏంటమ్మా? రెండేళ్లు నేను విన్నది...”

“అది నకిలీ అండి. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది అసలుది.”

ఆ మాట అంటూనే ఆమెకి తన మాట మీద తనకే అపనమ్మకం కలిగింది. దొంగ ఇంట్లోకి వచ్చి ఇత్తడి గొలుసు ఎత్తుకుపోయి, దాని చోట బంగారు గొలుసు పెట్టి పోయినట్టుంది. ఇన్సూరెన్సు పనిలో వెయ్యి రకాల మోసాలు చూసింది. ఎదుటివాడికి లాభం చేసే మోసం ఎప్పుడూ చూడలేదు.

సామ్యేలు మాత్రం ఏమీ తడబడలేదు. వీడియోలో వెలుతురు సరిగ్గా లేదన్నాడు. నంబరు ఎవరైనా గీకొచ్చన్నాడు. దొంగ చెప్పిన మాటలు పట్టుకుని ఈమె మిమ్మల్ని గందరగోళం చేస్తోంది సార్ అన్నాడు. ఈ నకిలీని సాక్ష్యం కింద తను తీసుకెళ్లి హైదరాబాదులో పరీక్ష చేయిస్తానని చెయ్యి చాచాడు.

“దాన్ని ఎవరికీ ఇవ్వకండి,” అంది ఝాన్సీలక్ష్మి. “నకిలీ అయితే ఇంట్లో ఉన్నా నష్టం లేదు. అసలుది అయితే గుమ్మం దాటితే తిరిగి రాదు.”

“నా క్లయింటుకి మీరు సలహాలివ్వడమేంటి అక్కా?”

“ఫరూక్ నీతో అంటించిన లేబుల్ సంగతి చెప్పాడు. నీ క్లయింటుకి నువ్వు ఆ ముక్క ఎందుకు చెప్పలేదు?”

సామ్యేలు మొహంలో నవ్వు అలాగే ఉంది గాని, చాచిన చెయ్యి వెనక్కి పోయింది. దొంగ చెప్పిన ప్రతిదీ రాసుకుంటూ కూర్చుంటే పని జరగదన్నాడు. బ్రహ్మానందం ఇద్దరి మాటలూ విన్నాడు. రికార్డుని అట్టలో పెట్టి, పక్క గదిలో ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసి వచ్చాడు.

ఇది ఎవరి దగ్గర కొన్నారని ఆమె అడిగింది. బాపట్ల కృష్ణచైతన్య దగ్గర అన్నాడు. హాస్టల్లో ఆ క్యాసెట్టు పెట్టిన రూమ్మేటు అతనే. ఇద్దరిలో రికార్డుల పిచ్చి మొదట పట్టింది అతనికే. మూడు వారాల కిందట గుండెపోటుతో పోయాడు. “వాడు నన్ను మోసం చేస్తాడా అమ్మా? ముప్ఫై ఏళ్ల స్నేహం,” అన్నాడు.

ఎవరీ కృష్ణచైతన్య అని సామ్యేలు అడిగాడు. ఆ పేరు ఇప్పుడే వింటున్నట్టు అక్షరం అక్షరం అడిగి రాసుకున్నాడు. తర్వాత ఫోన్ చూసుకుని, ఫరూక్‌కి ఐదింటిదాకా టైము ఉందని ఆమెకి గుర్తుచేసి వెళ్లిపోయాడు. అప్పుడు పన్నెండూ యాభై.

అతని కారు చప్పుడు దూరమయ్యాక ఝాన్సీలక్ష్మి బ్రహ్మానందం ఎదురుగా కూర్చుంది. మంగళవారం మధ్యాహ్నం నుంచి గురువారం సాయంత్రం దాకా ఈ గదిలోకి ఎవరూ రాలేదా అని మళ్లీ అడిగింది. రాలేదన్నాడు.

“పోనీ ఎవరికైనా కాఫీ ఇచ్చారా?”

“కాఫీ అంటే కరుణశ్రీకి ఇచ్చామమ్మా. కృష్ణచైతన్య భార్య. బుధవారం వచ్చింది. కర్మకి వెళ్లి రాలేకపోయానని నేనే బాధపడుతుంటే, తనే పలకరించడానికి వచ్చింది. ఆవిడ బయటి మనిషి కాదుగా.”

“ఎన్నింటికి?”

పదీ నలభైకి వచ్చిందట. పదకొండింటికి ఇంటి పక్కనే ఉన్న ఫ్యాక్టరీలో గ్యాసు పైపు లీకవుతోందని ఫోనొస్తే అతను పది నిమిషాలు కిందికి వెళ్లాడు. ఆమె ఈ గదిలోనే కూర్చుంది. చేతిలో పెద్ద గుడ్డ సంచి ఉంది. రికార్డు ఎటు తిప్పి పెట్టాలో కూడా ఆవిడకి తెలియదమ్మా అన్నాడు బ్రహ్మానందం.

తెలియకపోవడమే కావాలి, అనుకుంది ఝాన్సీలక్ష్మి.

చెరుకుపల్లి మీదుగా వెళ్లే బస్సు పట్టుకుని ఆమె బాపట్లలో దిగేసరికి మూడూ ఇరవై. మూడూ నలభైకి కరుణశ్రీ ఇంటి హాల్లో కూర్చుంది. కరుణశ్రీకి నలభై ఐదేళ్లుంటాయి. ఎవరు, ఏం పని అని అడగకుండానే మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఝాన్సీలక్ష్మి తన పేరు చెప్పి, చుట్టూ తిప్పకుండా ఫరూక్ సంగతి చెప్పింది. రేపల్లెలో రికార్డు మారినందుకు ఒక మెకానిక్ మీద దొంగతనం మోపుతున్నారనీ, ఐదింటికి అతని చేత బలవంతంగా రాయించుకుంటారనీ చెప్పింది.

కరుణశ్రీ నిలబడిన చోటే గోడకి చేరగిలబడింది.

“నాకు తెలియదండి. ఇలా ఇంకొకళ్ల మెడకి చుట్టుకుంటుందని తెలిస్తే ఆ పని చేసేదాన్ని కాదండి.”

ఆ తర్వాత ఆమె చెప్పింది వింటుంటే ఝాన్సీలక్ష్మికి ఉదయం నుంచి చిక్కుపడిన దారం ఒక్కొక్క పోగే విడివడింది. రెండేళ్ల కిందట బ్రహ్మానందం ఆ ప్రోమో తనకిమ్మని పట్టుబట్టాడు. కృష్ణచైతన్య స్నేహితుణ్ణి కాదనలేకపోయాడు, రికార్డుని వదులుకోనూ లేకపోయాడు. ఎవరో విజయవాడ ఆయన, పై దేశంలో అచ్చం అలాంటిదే చేయించి పెడతానన్నాడు. అసలుది కొన్నాళ్లు ఆయనకి ఇస్తే, అసలుదీ నకలూ రెండూ పార్సిల్లో వచ్చాయి. నకలు రేపల్లె వెళ్లింది. అసలుది బీరువా వెనక్కి వెళ్లింది. ఆ రోజు నుంచి కృష్ణచైతన్య దాన్ని మళ్లీ వినలేదు.

పోయిన నెల ఎవరో ఫోన్ చేసి, నకిలీ అంటగట్టావని అతన్ని నానా మాటలూ అన్నారు. అప్పుడు తెలిసింది, ఆ విజయవాడ మనిషి ఇంకో నాలుగు కాపీలు చేయించి కృష్ణచైతన్య పేరు మీద అమ్మేశాడని. ఆ దిగులుతోనే మంచం పట్టాడు. ఆసుపత్రిలో ఆమె చెయ్యి పట్టుకుని, బ్రహ్మానందంది వాడికి ఇచ్చేయమన్నాడు.

“ఇచ్చేసి నిజం చెప్పొచ్చు కదమ్మా,” అంది ఝాన్సీలక్ష్మి.

“చెబుదామనే వెళ్లానండి. అన్నయ్యగారు నన్ను చూడగానే, వాడంత నిజాయితీ ఉన్నవాణ్ణి నేను చూడలేదమ్మా అన్నారు. ఇంక నా నోరు పెగల్లేదు. పోయిన మనిషిని ఆయన కళ్ల ముందు ఎలా పడగొట్టను? ఆయన కిందికి వెళ్లినప్పుడు దీన్ని తీసి దాన్ని పెట్టేశాను.”

పట్టుచీరల మధ్య దాచిన నకిలీని ఆమె తెచ్చి ఇచ్చింది. ఝాన్సీలక్ష్మి గోరు ఆనించింది. లేబుల్ అంచు తేలిగ్గా లేచింది. ఫరూక్ చెప్పిన ప్రతి మాటా నిజం. మీరు వచ్చి ఈ మాట చెబితే చాలు, అతను బయటపడతాడు అంది. వస్తానంది కరుణశ్రీ. లోపలికి వెళ్లి చీర మార్చుకుని రాబోతూ గుమ్మంలో ఆగింది.

“మరి శుక్రవారం వచ్చిన మీ మనిషికి కూడా ఇదంతా తెలిసే ఉండాలి కదండీ?”

“నా మనిషా?”

శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి ఒకతను వచ్చాడట. ఝాన్సీలక్ష్మి మేడమ్ పంపారు, ఇన్సూరెన్సు పని అన్నాడు. ఇంట్లో ఇంకా రికార్డులేమైనా మిగిలాయా అని అడిగాడు. ఆయన ఇవ్వమన్నవాళ్లకి ఇచ్చేశానని ఆమె చెప్పింది. రికార్డులు చేయించిన మనిషి పేరు మీ ఆయన ఎక్కడైనా రాసుకున్నాడా అని అడిగి, కృష్ణచైతన్య లెక్కలు రాసుకునే పుస్తకం పట్టుకుపోయాడు. వెళ్లేముందు ఒక కార్డు ఇచ్చాడు.

కరుణశ్రీ టీవీ కింద నుంచి ఆ కార్డు తీసి ఇచ్చింది. ఝాన్సీలక్ష్మి విజిటింగ్ కార్డే. నాలుగేళ్ల కిందట మార్చేసిన పాత ఫోన్ నంబరు ఉన్న కార్డు. వెనక పెన్నుతో వేరే నంబరు రాసి ఉంది, అది ఆమెది కాదు. ఏడుకి నడుం మీద అడ్డగీత.

“ఆ పార్సిల్ కవరు ఉందా అమ్మా?”

ఉంది. కృష్ణచైతన్య ఏదీ పారేసే మనిషి కాదు. అట్టపెట్టె మీద చిరునామా చేత్తో రాసి ఉంది. ఇంటి నంబరులో ఏడుకి నడుం మీద అదే అడ్డగీత. ఆరేళ్లపాటు సామ్యేలు రాసిన రిపోర్టులు ఆమె ఎర్ర పెన్నుతో దిద్దింది. ఆ చేతిరాత ఎక్కడున్నా గుర్తుపడుతుంది.

అప్పటిదాకా అర్థం కానివన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. కాపీలు చేయించిన ఆ విజయవాడ మనిషి సామ్యేలే. గురువారం గ్రూపులో బ్రహ్మానందం రాసింది చదివి, శుక్రవారం పొద్దున్నే సామ్యేలు ఇక్కడికి వచ్చాడు. అసలుది రేపల్లె చేరిందని గ్రహించాడు. అక్కడికి వెళ్లి, అసలుదాన్నే నకిలీ అని నమ్మించి, సాక్ష్యం పేరుతో చంకన పెట్టుకుపోదామనుకున్నాడు. నకిలీకీ అసలుకీ తేడా గోటితో చెప్పగలవాడు ఫరూక్ ఒక్కడున్నాడు. వాడి చేతే నేను దొంగనని రాయించుకుంటే, వాడి మాట ఇంకెవరూ నమ్మరు.

ఆమె ఫరూక్‌కి ఫోన్ చేసింది. మోగింది, ఎత్తలేదు. పర్వీన్‌కి చేసింది.

“మీ దగ్గరికే బయల్దేరారు కదండీ,” అంది పర్వీన్. “రెండూ పదికి ఆ సామ్యేలుగారు కారులో వచ్చారు. మేడమ్‌తో రాజీ కుదిరింది, బాపట్లలో ఒక రికార్డు గుర్తుపట్టాలి, నిన్ను తీసుకురమ్మన్నారు అన్నారు. మీ కార్డు చూపించారు. మేడమ్ రమ్మన్నారంటే వెళ్లాలి కదా అని ఈయన ఎక్కేశారండి. ఇంకా రాలేదా?”

ఝాన్సీలక్ష్మి గోడ గడియారం వైపు చూసింది. నాలుగూ ఇరవై. తెనాలి నుంచి కారులో గంట ప్రయాణం.

“వస్తారమ్మా. నువ్వు వెంటనే దగ్గర్లో ఉన్న పోలీస్‌స్టేషనుకి వెళ్లి, కారు నంబరు తెలిస్తే ఇవ్వు,” అని నెమ్మదిగా చెప్పింది.

అప్పుడే వీధిలో కారు ఆగింది. ఒక తలుపు తెరుచుకుంది, మూసుకుంది. రెండో తలుపు చప్పుడు కోసం ఆమె చెవులు రిక్కించి ఎదురుచూసింది. రాలేదు. గేటు గొళ్లెం కదిలింది.

ఆమె నకిలీ రికార్డునీ పార్సిల్ పెట్టెనీ కరుణశ్రీ చేతుల్లో పెట్టి, పెరటి వైపు నుంచి పక్కింటికి వెళ్లి పోలీసులకి ఫోన్ చేయమంది. మీరూ రండి అని కరుణశ్రీ చెయ్యి పట్టుకుంది. ఝాన్సీలక్ష్మి ఆ చెయ్యి విడిపించుకుంది. ఫరూక్ ఎక్కడున్నాడో చెప్పగలిగినవాడు ఈ లోకంలో ఇప్పుడు ఒక్కడే ఉన్నాడు, వాడు గుమ్మం బయట ఉన్నాడు. తలుపు తీయక తప్పదు.

“అక్కా, లోపలున్నారా?” అని సామ్యేలు పిలిచాడు.

పెరటి తలుపు మూసుకున్న చప్పుడు వినబడేదాకా ఆగి, ఆమె గడియ తీసింది. సామ్యేలు మెట్టు మీద ఒంటరిగా నిలబడి ఉన్నాడు. ఎడం చేతిలో ఫరూక్ సంతకం పెట్టిన కాగితం ఉంది. కుడి చేతికి రుమాలు చుట్టుకుని ఉన్నాడు. రుమాలులోంచి రక్తం చుక్కచుక్కగా మెట్టు మీద పడుతోంది.